పాలమూరు ఎండకు ఏ ఎన్‌డీ ఫిల్టర్?

నల్లగొండ, పాలమూరు జిల్లాల్లో కెమెరా పట్టినవాళ్లకు వెలుతురు చాలలేదన్న బాధ తక్కువ. బోడగుట్టలు, తెల్లగా మెరిసే బండలు, నీడన్నదే లేని చెరువు కట్టలు. పొద్దున తొమ్మిది దాటిందంటే లెన్స్‌లోకి వచ్చే వెలుతురు అవసరాన్ని మించిపోతుంది. యూట్యూబ్‌లో ఎప్పటికప్పుడు వచ్చే జానపద పాటల వీడియోలనే చూడండి. ఆర్టిస్టులు, కెమెరా, బండి కిరాయి అన్నీ ఒక్క రోజుకే మాట్లాడుకుంటారు కాబట్టి మిట్టమధ్యాహ్నం కూడా షూటింగ్ ఆగదు. వాటిలో కొన్నింట్లో అడుగు తెగితెగి పడుతున్నట్టు, చెయ్యి కుదుపుతో కదులుతున్నట్టు అనిపిస్తుంది. ఆడేవాళ్ల తప్పేం లేదు, షట్టర్ స్పీడ్ (ఒక్కో ఫ్రేముకు వెలుతురు లోపలికి వచ్చే సమయం) అదుపు తప్పింది. దాన్ని అదుపులో పెట్టేదే ఎన్‌డీ (న్యూట్రల్ డెన్సిటీ) ఫిల్టర్, లెన్స్ ముందు బిగించే నల్లటి గాజు.

ఎందుకు తప్పిందో చూద్దాం. నిండు ఎండకు ఫిలిం రోజుల నుంచి ఒక మోటు లెక్క ఉంది. అపర్చర్ (లెన్స్‌లో వెలుతురు దూరే రంధ్రం) ఎఫ్/16 దగ్గర పెట్టి, షట్టర్ స్పీడును ఐఎస్ఓ (వెలుతురుకు కెమెరా స్పందించే మోతాదు) అంకెకు దగ్గరగా ఉంచితే ఎక్స్‌పోజర్ సరిపోతుంది. ఐఎస్ఓ 100 అయితే షట్టర్ 1/125 సెకను. ఇప్పుడు వెనకున్న గుట్ట మసకబారి, ముందున్న మనిషి ముఖం ఒక్కటే తేటగా రావాలని ఎఫ్/2.8కి తెరిచామనుకోండి (ఎఫ్ అంకె తగ్గేకొద్దీ రంధ్రం పెద్దదవుతుంది). మధ్యలో ఐదు స్టాప్‌లు. ఒక్కో స్టాప్‌కూ వెలుతురు రెట్టింపవుతుంది కాబట్టి షట్టర్ 1/4000కి పోతుంది. ఎఫ్/1.4 లెన్స్ అయితే 1/16000. చాలా కెమెరాల మెకానికల్ షట్టర్ 1/4000 దగ్గరో 1/8000 దగ్గరో ఆగిపోతుంది.

వీడియోలో సెకనుకు 25 ఫ్రేములు తీసేటప్పుడు షట్టర్‌ను 1/50 దగ్గర ఉంచడం సినిమావాళ్ల నుంచి వచ్చిన అలవాటు. ఒక్కో ఫ్రేముకు కేటాయించిన సమయంలో సగంసేపు షట్టర్ తెరిచి ఉంటుందన్నమాట. అప్పుడు కదిలే చెయ్యి కొద్దిగా మసకబారి, ఆ మసక వల్లే ఒక ఫ్రేము తర్వాతి ఫ్రేములోకి సాఫీగా కలుస్తుంది. (మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి 1/50 పెడితే ఇంట్లో లైట్ల మినుకుమినుకు కూడా వీడియోలో పడదు.) 1/4000లో తీస్తే ప్రతి ఫ్రేమూ గీసినట్టు ఉంటుంది కానీ పక్క ఫ్రేముతో లంకె ఉండదు. పైన చెప్పిన తెగుడు అదే. 1/4000 నుంచి 1/50కి రావాలంటే ఆరు స్టాప్‌ల పైచిలుకు వెలుతురు ఆపాలి. ఐఎస్ఓ ఇంకా తగ్గదు, అపర్చర్ మూయడం ఇష్టం లేదు. మిగిలింది లెన్స్ ముందు నల్లటి గాజు పెట్టడమే.

సాగర్ ఎడమ కాలువ కింద సేద్యం చేసేవాళ్లకు ఇది చప్పున అర్థమవుతుంది. తూము ఎంత తెరిచామన్నది అపర్చర్, ఎంతసేపు తెరిచి ఉంచామన్నది షట్టర్. పొలం నిండడానికి కావాల్సిన నీళ్లు మాత్రం అంతే. కాలువ నిండుగా పారుతున్నా తూము పూర్తిగా, ఎక్కువసేపు తెరిచే ఉంచాలనుకుంటే పైనే పారుదల తగ్గించాలి. ఎన్‌డీ ఫిల్టర్ చేసే పని ఇదొక్కటే. దానివల్ల ఫొటో అందంగా మారదు. అపర్చర్, షట్టర్ ఎండ చెప్పినట్టు కాకుండా మనం చెప్పినట్టు వింటాయి, అంతే. ఏ రకం కొనాలన్నది కూడా ఇక్కడే తేలుతుంది. మీరు పట్టి ఉంచాలనుకుంటున్నది షట్టర్‌నా, అపర్చర్‌నా? షాట్ నడుస్తుండగా వెలుతురు మారుతుందా, మారదా? ఈ రెండింటికీ జవాబు లేకుండా షాపుకు పోతే అక్కడ ఏది ఎక్కువ ఉంటే అదే చేతిలో పెడతారు.

డబ్బా మీది అంకెలు

హైదరాబాద్ కోఠిలో కెమెరా షాపుకు పోయి “అన్నా, ఎన్‌డీ ఒకటి చూపియ్” అంటే మూడు డబ్బాలు ముందుకు రావొచ్చు. ఒకదాని మీద ఎన్‌డీ8, ఇంకోదాని మీద 0.9, మూడోదాని మీద 103. మూడూ ఆపే వెలుతురు ఒక్కటే, మూడు స్టాప్‌లు.

హోయా లాంటి కంపెనీలు వాడే ఎన్‌డీ8 పద్ధతిలో అంకె భాగాన్ని చెబుతుంది. వచ్చిన వెలుతురులో ఎనిమిదో వంతు మాత్రమే లోపలికి పోతుందని అర్థం. ఎన్‌డీ2 ఒక స్టాప్, ఎన్‌డీ4 రెండు, ఎన్‌డీ8 మూడు, ఎన్‌డీ64 ఆరు, ఎన్‌డీ1000 పది. లీ కంపెనీవాళ్లూ సినిమావాళ్లూ ఎక్కువగా వాడేది సాంద్రత పద్ధతి. అందులో ఒక్కో స్టాప్‌కు 0.3 చొప్పున పెరుగుతుంది. ఇది లాగరిథమ్ లెక్క, 10ని 0.3 ఘాతానికి పెంచితే దాదాపు 2 వస్తుంది. అలా 0.9 అంటే మూడు స్టాప్‌లు, 1.8 అంటే ఆరు, 3.0 అంటే పది. బీ ప్లస్ డబ్ల్యూ కంపెనీ 103, 106, 110 అని రాస్తుంది. ముందున్న 1ని వదిలేసి మిగతాది చదివితే స్టాప్‌ల లెక్క వచ్చేస్తుంది.

ప్రమాదమంతా 3.0 దగ్గరుంది. అంకె చిన్నగా ఉంది, ఎన్‌డీ4 కంటే పలుచనిదేమో అనుకుని ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెడితే ఇంటికి వచ్చేది వెయ్యో వంతు వెలుతురే వదిలే నల్లటి గాజు. అందుకే ఎవరితో మాట్లాడినా స్టాప్‌లలో మాట్లాడటం మేలు. రెండు ఫిల్టర్లు ఒకదాని మీద ఒకటి బిగించినప్పుడు స్టాప్‌లు కూడుకోవచ్చు, మూడూ ఆరూ కలిస్తే తొమ్మిది. సాంద్రతలు కూడా కూడికే. ఎన్‌డీ అంకెలను మాత్రం గుణించాలి. ఎన్‌డీ8, ఎన్‌డీ64 కలిస్తే ఎన్‌డీ512 అవుతుంది, ఎన్‌డీ72 కాదు. ఇంకో మాట, పది స్టాప్‌లకు కచ్చితమైన అంకె 1024. డబ్బా మీద 1000 అని గుండ్రంగా రాస్తారు. ఆ తేడా పట్టించుకోనక్కర్లేదు. కానీ చవక ఫిల్టర్లలో రాసిన దానికీ అసలు గాజుకూ అర స్టాప్ దాకా తేడా ఉండొచ్చు, అది పట్టించుకోవాల్సిందే.

మారని గాజు

ఒకే సాంద్రత ఉన్న ఫిల్టర్ అన్నింటికంటే సాదాది, అన్నింటికంటే నమ్మదగినది. ఒక్క గాజు పలక, దానికి కొంత నలుపు. తిరిగే భాగం లేదు, దాచుకున్న చిక్కు లేదు. స్టాండ్ మీద కెమెరా పెట్టి, తాపీగా ఒక దృశ్యం తీసేవాళ్లకు ఇదే.

కృష్ణకు మంచి వరద వచ్చిన ఏడు నాగార్జునసాగర్ 26 గేట్లూ ఎత్తితే దారి పొడుగునా ఫోన్లు, కెమెరాలే. నిండు ఎండలో ఐఎస్ఓ 100, ఎఫ్/11 పెడితే షట్టర్ 1/250 వస్తుంది. నీటి తుంపరలు గాలిలో గడ్డకట్టినట్టు పడతాయి. ఎన్‌డీ8 బిగిస్తే 1/30, నీళ్లు గీతలుగా సాగడం మొదలవుతుంది. ఎన్‌డీ64తో 1/4. ఇక్కడ ధార పాయలు పాయలుగా కనిపిస్తుంది, కానీ కింద నురగ ఎగసిపడే జోరు పోదు. ఎన్‌డీ1000తో నాలుగు సెకన్లు, అప్పుడు ధారంతా పాలపొగ. నా ఓటు 1/4కే. సాగర్ గేట్ల దగ్గర చూడాల్సిందే నీటి జోరు. దాన్ని దూదిలా మార్చిన ఫొటోలు ఇప్పటికే కావాల్సినన్ని ఉన్నాయి. పైగా గేట్ల ముందు తుంపర గాలికి కొట్టుకొచ్చి గాజు మీద పడుతుంది. ఎక్స్‌పోజర్ ఎంత పొడుగైతే ఆ మధ్యలో చుక్కలు పడే అవకాశం అంత పెరుగుతుంది.

పది స్టాప్‌ల గాజు పనికొచ్చే చోటు సోమశిల. నల్లమల కొండల మధ్య శ్రీశైలం వెనక జలాలు, చిన్న అలలు. మధ్యాహ్నం నాలుగు సెకన్లతో ఆ అలలు పూర్తిగా చదునుకావు. సాయంత్రం వెలుతురు మూడు స్టాప్‌లు తగ్గాక అదే ఫిల్టర్‌తో ముప్పై సెకన్లు వస్తుంది, అప్పుడు నీళ్లు అద్దంలా పడతాయి. ఒడ్డున కట్టేసిన పుట్టి మాత్రం ఆ ముప్పై సెకన్లూ ఊగుతూనే ఉంటుంది కాబట్టి మసకబారుతుంది. ఫ్రేములో ఏది కదులుతుంది, ఏది కదలదు అని ముందే చూసుకోకపోతే పెద్ద ఎక్స్‌పోజర్ మొత్తం వృథా.

నల్లమలలోని మల్లెల తీర్థం జలపాతానికి పోయేవాళ్లు కూడా సంచిలో ఎన్‌డీ1000 వేసుకుని పోతారు. అక్కడ అది దండగ. అడవి నీడలో ఎఫ్/8, ఐఎస్ఓ 100 పెడితే మామూలుగానే 1/15 దగ్గర తేలుతుంది. ఒక పోలరైజర్ (మెరుపును తగ్గించే ఫిల్టర్) బిగిస్తే అది ఎలాగూ ఒకటిన్నర నుంచి రెండు స్టాప్‌లు తినేస్తుంది, షట్టర్ 1/4కి వస్తుంది, తడి రాళ్ల మీది మెరుపు కూడా పోతుంది. జలపాతానికి ఇంకేం కావాలి? పది స్టాప్‌లు పెడితే వచ్చేది నిమిషం పొడుగు ఎక్స్‌పోజర్, అందులో ఊగే ప్రతి ఆకూ పచ్చటి పొగ.

జనాన్ని మాయం చేయడానికీ ఈ చిక్కటి గాజునే వాడతారు. పిల్లలమర్రి నీడలో ఎఫ్/11, ఎన్‌డీ1000తో ఒక నిమిషం వస్తుంది. ఆ నిమిషంలో నడుచుకుంటూ పోయేవాళ్లెవరూ ఫొటోలో కనపడరు. ఒకేచోట కూర్చుని సెల్ఫీలు దిగేవాళ్లు మాత్రం దయ్యాల్లా సగం సగం మిగులుతారు. అలంపురం నవబ్రహ్మ ఆలయాల్లోనూ ఇదే ఉపాయం పారుతుంది. కాకపోతే అవి కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్నాయి, స్టాండ్ పెట్టాలంటే ముందుగా అనుమతి తీసుకోవాలి.

వాడేటప్పుడు వరస ముఖ్యం. ముందు ఫ్రేము కట్టి, ఫోకస్ చేసి, ఫోకస్‌ను మాన్యువల్‌కు మార్చి, ఆ తర్వాతే గాజు బిగించాలి. పది స్టాప్‌ల వెనక నుంచి ఆటోఫోకస్ తడబడుతుంది. ముప్పై సెకన్లు దాటితే చాలా కెమెరాల్లో బల్బ్ మోడ్‌కు (బటన్ నొక్కి ఉంచినంతసేపూ షట్టర్ తెరిచి ఉండే పద్ధతికి) పోవాలి. పాత డీఎస్ఎల్ఆర్ అయితే వెనక కంటి కిటికీని మూయాలి, లేదంటే అక్కడి నుంచి దూరిన వెలుతురు ఫొటో మీద మరకలా పడుతుంది. మిర్రర్‌లెస్ వాళ్లకు ఈ బాధ లేదు.

తిప్పే గాజు

వేరియబుల్ ఎన్‌డీ, వాడుకలో వీఎన్‌డీ. ముందున్న రింగు తిప్పితే చీకటి పెరుగుతుంది, తగ్గుతుంది. గింబల్ (కెమెరా ఊగకుండా పట్టి ఉంచే పరికరం) మీద కెమెరాతో చెట్టు నీడలోంచి బత్తాయి తోట దారిలోకి, అక్కడి నుంచి ఎండలోకి నడిచే వీడియోవాళ్లకు ఇది లేకుండా పని జరగదు. ప్రతి షాట్‌కూ ఒక గాజు విప్పి ఇంకోటి బిగిస్తూ కూర్చుంటే పొద్దు గూకుతుంది. ఎక్కువమంది కొనేది ఇదే, ఎక్కువమంది తిట్టుకునేదీ ఇదే. లోపల ఏం జరుగుతుందో తెలిస్తే తిట్లు సగం తగ్గుతాయి.

లోపల ఉన్నది నల్ల గాజు కాదు, రెండు పోలరైజర్లు. మొదటిది ఒక దిక్కులో కంపించే వెలుతురునే వదులుతుంది. రెండోదాన్ని అదే దిక్కులో ఉంచితే ఆ వెలుతురు దాదాపుగా దాటిపోతుంది. అడ్డంగా తిప్పేకొద్దీ ఆగిపోతుంది. ఎంత ఆగుతుందన్న సూత్రాన్ని ఫ్రెంచి శాస్త్రవేత్త ఎటియెన్ లూయీ మాలస్ 1809లో చెప్పాడు. రెండింటి మధ్య కోణపు కొసైన్‌ను వర్గం చేస్తే దాటే భాగం వస్తుంది. 45 డిగ్రీల దగ్గర సగం, 60 దగ్గర నాలుగో వంతు, 80 దగ్గర సుమారు 33వ వంతు, 85 దగ్గర సుమారు 132వ వంతు.

ఈ అంకెల్లోనే అసలు చిక్కు దాగుంది. సున్నా నుంచి 60 డిగ్రీల దాకా తిప్పితే తగ్గేది రెండు స్టాప్‌లు. 80 నుంచి 85కి, అంటే ఐదు డిగ్రీలకే, ఇంకో రెండు స్టాప్‌లు. మొదట్లో ఎంత తిప్పినా కదలిక లేదనిపించే రింగు చివర్లో వేలు తగిలితే చాలు చీకటి చేసేస్తుంది. ఆ చివరి కొసలో షాట్ మధ్యలో ఎక్స్‌పోజర్ సాఫీగా మార్చడం ఎవరి వల్లా కాదు.

రెండో చిక్కు, ఎక్స్ ఆకారపు మరక. పోలరైజర్లు దాదాపు అడ్డంగా ఉన్నప్పుడు, ఎదురుగా వచ్చే వెలుతురు ఒకలా, మూలల నుంచి ఏటవాలుగా వచ్చే వెలుతురు ఇంకోలా ఆగుతుంది. ఏటవాలు కిరణాలకు ఆ రెండు గాజుల మధ్య కోణం తొంభై డిగ్రీలుగా మిగలదు, కర్ణాల వెంట వెలుతురు కారుతుంది. అందుకే తెరమీద పెద్ద ఇంటూ గుర్తులా నలుపు తెలుపు చారలు. 16 ఎంఎం లాంటి వైడ్ లెన్స్‌లో ఇది ముందే వస్తుంది, 50 ఎంఎంలో ఆలస్యంగా, 85లో ఇంకా ఆలస్యంగా. డబ్బా మీద ఎన్‌డీ2 నుంచి ఎన్‌డీ400 అని రాసిన చవక ఫిల్టర్లు ఎనిమిదిన్నర స్టాప్‌ల దాకా పోతామంటాయి కానీ వైడ్ లెన్స్ మీద ఆ చివరి స్టాప్‌లు వాడుకోలేనివి. మంచి కంపెనీలు అందుకే రింగు తిరుగుడుకు రెండు కొసల్లో అడ్డు పెట్టి, రెండు నుంచి ఐదు స్టాప్‌లది ఒకటి, ఆరు నుంచి తొమ్మిది స్టాప్‌లది ఒకటి అని విడివిడిగా అమ్ముతాయి. రెండో రకంలో పోలరైజర్లతో పాటు ఒక స్థిరమైన ఎన్‌డీ పొర కూడా ఉంటుంది.

రెండింటిలో ఏది? మొదట్లో వేసిన లెక్క ఇక్కడ పనికొస్తుంది. మధ్యాహ్నం, ఐఎస్ఓ 100, ఎఫ్/2.8, 1/50 కావాలంటే ఆరు స్టాప్‌ల పైమాటే. అంటే రెండు-ఐదు రకంతో ఎఫ్/4 దాకా మూసుకోక తప్పదు. లాగ్ ప్రొఫైల్‌లో (రంగులు తర్వాత దిద్దుకునేందుకు వీడియోను చప్పగా రికార్డు చేసే పద్ధతిలో) తీసేవాళ్లకు లెక్క ఇంకా బరువు. చాలా కెమెరాల్లో లాగ్‌కు కనీస ఐఎస్ఓ 800 చుట్టూ ఉంటుంది, అంటే ఇంకో మూడు స్టాప్‌లు, మొత్తం తొమ్మిది దాటింది. మబ్బు పట్టిన దేశాల్లో ఉండి రివ్యూలు చేసేవాళ్లు “రెండు-ఐదు ఉంటే చాలు” అంటే అది వాళ్ల ఆకాశానికి చాలు. మన ఏప్రిల్‌కు ఆరు-తొమ్మిది కావాలి, ఉదయం సాయంత్రాలకు రెండు-ఐదు.

మూడో చిక్కు గురించి అమ్మేవాళ్లు చెప్పరు. ముందున్న గాజు పోలరైజరే కదా, పోలరైజర్ చేసే పనులన్నీ అది అడక్కుండా చేస్తుంది. సూర్యుడికి తొంభై డిగ్రీల పక్కన ఆకాశం బాగా పోలరైజ్ అయి ఉంటుంది కాబట్టి వైడ్ షాట్‌లో నీలం ఒకచోట ముదిరి, ఒకచోట పాలిపోతుంది. కెమెరా పక్కకు తిప్పితే ఆ ముదురు మచ్చ ఫ్రేములో ఊరేగుతుంది. కోయిల్‌సాగర్ నీళ్ల మీది తళుకు ఒక కోణంలో ఉంటుంది, ఇంకో కోణంలో మాయమవుతుంది. ముఖం మీది సహజమైన నిగనిగ పోయి చర్మం చప్పగా కనిపించొచ్చు. మామూలు పోలరైజర్ అయితే ఆ కోణం మనం ఎంచుకుంటాం. ఇక్కడ వెలుతురు కోసం తిప్పిన రింగే దాన్నీ నిర్ణయిస్తుంది. పాటలో ఒకే చరణం రెండు షాట్లలో తీస్తే, ఎక్స్‌పోజర్ సరిగ్గా కలిసినా గద్వాల చీర జరీ మెరుపు రెండింట్లో రెండు రకాలుగా ఉండేది ఇందుకే.

ఈ మూడు చిక్కులూ లేని దారి ఒకటుంది, ఖరీదైనది. సోనీ ఎఫ్ఎక్స్6 లాంటి సినిమా కెమెరాల్లో సెన్సర్ (బొమ్మను పట్టే చిప్) ముందు లిక్విడ్ క్రిస్టల్‌తో పనిచేసే ఎలక్ట్రానిక్ ఎన్‌డీ ఉంటుంది, నాలుగో వంతు నుంచి 128వ వంతు దాకా సాఫీగా మారుతుంది. కెమెరాను కిరాయికి తెచ్చుకునే యూనిట్లు రోజు అద్దెలో తేడా చూసి జంకుతాయి కానీ ఎండలో పరుగెత్తే షూటింగ్‌కు అది డబ్బు మిగిల్చే పనే అని నా లెక్క.

నలుపు గోధుమ రంగైతే

మంచి ఎన్‌డీ అన్ని రంగులనూ సమానంగా ఆపాలి. చాలావరకు ఆపదు. రంగు కలిపిన గాజులో, రెజిన్ పలకల్లో నీలమో ఎరుపో కొద్దిగా ఎక్కువ దాటుతుంది. రా ఫైలులో (కెమెరా సొంతంగా దిద్దకుండా దాచిన ఫొటోలో) వైట్ బ్యాలెన్స్ (తెలుపు తెల్లగానే కనిపించేలా రంగులు దిద్దే సెట్టింగు) సరిచేస్తే మామూలు మోతాదు పోతుంది. పలుచటి లోహపు పూత వేసిన గాజుల్లో ఈ తేడా ఇంకా తక్కువ.

పోనిది ఇన్‌ఫ్రారెడ్ కాలుష్యం. సెన్సర్‌లోని సిలికాన్‌కు మన కంటికి కనపడని ఇన్‌ఫ్రారెడ్ కూడా కనిపిస్తుంది. దాన్ని ఆపడానికి కెమెరా లోపల ఒక ఫిల్టర్ ఉంటుంది, అది కొంచెం వదులుతుంది. మామూలుగా ఆ కొంచెం ఎవరికీ తెలియదు. కానీ పది స్టాప్‌ల ఎన్‌డీ కనిపించే వెలుతురును వెయ్యో వంతుకు తగ్గించి, ఇన్‌ఫ్రారెడ్‌ను అంతగా ఆపకపోతే, దామాషా తారుమారవుతుంది. షట్టర్ తెరిచి ఉన్నంతసేపూ ఆ దొంగ వెలుతురు పోగవుతుంది. ఫలితం, నల్లటి సింథటిక్ బట్ట గోధుమ రంగులోకి, ముదురు ఊదాలోకి మారుతుంది. పెళ్లికొడుకు నల్ల సూట్ ప్యాంటు ఒక రంగు, కోటు ఇంకో రంగు వచ్చిందంటే టైలర్‌ను అనుమానించొద్దు. ఒక్క రంగుకే పట్టే జబ్బు కాబట్టి వైట్ బ్యాలెన్స్‌తో నయం కాదు. ఆరు స్టాప్‌లు దాటి కొనేటప్పుడు ఐఆర్ఎన్‌డీ అని రాసి ఉన్నది, అంటే ఇన్‌ఫ్రారెడ్‌ను కూడా ఆపేది తీసుకోవాలి. మూడు స్టాప్‌ల గాజుకు ఆ అదనపు ఖర్చు అక్కర్లేదు.

సగం నలుపు గాజు, మిగతావి

పైన నల్లగా, కింద తేటగా ఉండేది గ్రాడ్యుయేటెడ్ ఎన్‌డీ. ఆకాశం తెల్లబోకుండా, నేల చీకటి కాకుండా రెండింటినీ ఒకే ఫ్రేములో పట్టడానికి. నలుపు ఒక్కసారిగా తెగిపోతే హార్డ్, మెల్లగా కరిగితే సాఫ్ట్. సాగర్ జలాశయం లాంటి చదునైన అంచుకు హార్డ్, దేవరకొండ గుట్టలకు సాఫ్ట్. నేలకు ఆనుకున్న సూర్యుడి కోసం మధ్యలో చిక్కగా, పైకి పోయేకొద్దీ పలుచగా ఉండే రివర్స్ రకం కూడా ఉంది. కొంటే 100 ఎంఎం చదరపు హోల్డర్‌లో పైకీ కిందికీ జరుపుకునే పలకే కొనాలి. లెన్స్‌కు బిగించే గుండ్రటి రకంలో గీత నడిమధ్యలో పాతుకుపోయి ఉంటుంది, ప్రతి ఫొటోలో ఆకాశం సగం, నేల సగం పెట్టుకోవాల్సిందే.

నిజానికి ఇప్పటి సెన్సర్లకు దీని అవసరం బాగా తగ్గింది. గోపురమో గుట్టో ఆకాశంలోకి పొడుచుకొస్తే ఈ గాజు దాని తలను కూడా నల్లగా చేస్తుంది. అలాంటి చోట వేర్వేరు ఎక్స్‌పోజర్లలో రెండు మూడు తీసి కంప్యూటర్‌లో కలుపుకోవడం తేలిక. కదిలే నీళ్లు, ఊగే వరి ఉన్నచోట మాత్రం అలా కలిపితే అతుకు తెలిసిపోతుంది, అక్కడ గాజుదే పైచేయి.

ప్రీ వెడ్డింగ్ వాళ్లకు ఎన్‌డీ ఇంకో రకంగా పనికొస్తుంది. ఎండలో ఎఫ్/2 పెడితే షట్టర్ 1/8000, కానీ ఫ్లాష్ మామూలుగా 1/200, 1/250 దాకానే కెమెరాతో కలిసి పనిచేస్తుంది. ఐదు స్టాప్‌ల ఎన్‌డీ32 పెడితే షట్టర్ 1/250కి దిగుతుంది, వెనక మసకా ఉంటుంది, ఫ్లాష్ కూడా పూర్తి బలంతో వెలుగుతుంది. మరిచిపోకూడనిది, ఆ గాజు ఫ్లాష్ వెలుతురునూ ఆపుతుంది. ఫ్లాష్ దృష్టిలో మీరు ఎఫ్/11లో తీస్తున్నట్టే లెక్క, కెమెరా మీద పెట్టుకునే చిన్న ఫ్లాష్‌కు సాఫ్ట్‌బాక్స్ (వెలుతురును మెత్తబరిచే గుడ్డ పెట్టె) తగిలిస్తే అది చాలదు.

డ్రోన్లలో, ఫోన్లలో ఎక్కువ వాటికి అపర్చర్ మారదు. వెలుతురు పెరిగితే షట్టర్ ఒక్కటే పరుగెత్తాలి కాబట్టి వీడియోకు అక్కడ ఎన్‌డీ తప్పనిసరి. డ్రోన్‌కు మారని గాజే పెట్టాలి, గాలిలో రింగు తిప్పేవాళ్లు ఎవరూ ఉండరు. (డ్యామ్‌ల మీద అనుమతి లేకుండా ఎగరేస్తే ఫిల్టర్ గురించి కాదు, కేసు గురించి ఆలోచించాల్సి వస్తుంది.) ఫొటోలకైతే కొన్ని కెమెరాలు గాజు లేకుండానే పని కానిస్తున్నాయి. ఒలింపస్ 2019లో తెచ్చిన ఈ-ఎం1ఎక్స్ చాలా ఫ్రేములు తీసి వాటిని కలిపి ఎన్‌డీ32 దాకా అనుకరిస్తుంది. తర్వాత వచ్చిన ఓఎం-1 ఎన్‌డీ64 దాకా పోయింది. మామూలు కెమెరాతో కూడా స్టాండ్ మీద వరసగా ముప్పై నలభై ఫొటోలు తీసి ఫొటోషాప్‌లో సగటు కడితే నీళ్లు మెత్తబడతాయి. వీడియోకు ఈ ఉపాయం పారదు.

ఒక హెచ్చరిక. ఎన్‌డీ1000 ఎంత నల్లగా ఉన్నా దాని వెనక నుంచి డీఎస్ఎల్ఆర్ కంటి కిటికీలో సూర్యుణ్ని చూడకూడదు. గ్రహణం తీయడానికి వాడే సోలార్ ఫిల్టర్ లక్షో వంతు మాత్రమే వదులుతుంది, పైగా ఇన్‌ఫ్రారెడ్‌నూ అతినీలలోహితాన్నీ ఆపుతుంది. ఎన్‌డీ1000 దాటించేది దానికంటే వంద రెట్లు ఎక్కువ. కంటి రెటీనా కాలితే నొప్పి కూడా తెలియదు.

కొనే వరస

ఫొటోలే తీసేవాళ్లు ఆరు స్టాప్‌ల మారని గాజు ఒకటి ముందు కొనండి. ఒక్కటే కొనగలిగితే అదే. తర్వాత మూడు స్టాప్‌లది, రెండూ కలిస్తే తొమ్మిది. పది స్టాప్‌లది ఆఖరున. వీడియోవాళ్లు ఆరు-తొమ్మిది వీఎన్‌డీతో మొదలుపెట్టండి, చవకది రెండు కొనేకంటే మంచిది ఒకటి. సైజు మీ పెద్ద లెన్స్‌కు తగ్గట్టు, 77 లేదా 82 ఎంఎం. చిన్న లెన్స్‌లకు స్టెప్-అప్ రింగులు (చిన్న లెన్స్‌కు పెద్ద ఫిల్టర్‌ను బిగించేవి) చాలు. రింగు ఇత్తడిది అయితే మేలు, అల్యూమినియం రింగులు ఎండకు వేడెక్కి బిగుసుకుపోయి షూటింగ్ మధ్యలో ఊడిరావు. దుబ్బ పడిన గాజును గుడ్డతో తుడవొద్దు, ముందు బ్లోయర్‌తో ఊదాలి. సన్నటి ఇసుక గాజును గీరేస్తుంది.

వాపసు ఇచ్చే గడువు ఉండగానే పరీక్ష పెట్టండి. వైట్ బ్యాలెన్స్‌ను 5500 కెల్విన్ దగ్గర కట్టేసి, ఎండ పడే తెల్ల గోడను ఫిల్టర్ లేకుండా ఒకటి తీయాలి. ఫిల్టర్ బిగించి, డబ్బా మీద రాసినన్ని స్టాప్‌లు షట్టర్ తెరిచి ఉండే సమయం పెంచి ఇంకొకటి. రెండింటి హిస్టోగ్రాములు (ఫొటోలో వెలుగునీడల పంపకం చూపే గ్రాఫులు) ఒకేచోట నిలిస్తే అంకె నిజం. పక్కకు జరిగితే ఎంత తేడానో రాసి డబ్బాలో పెట్టుకోండి, ముప్పై సెకన్ల ఎక్స్‌పోజర్ దగ్గర అర స్టాప్ అంటే పన్నెండు సెకన్ల తేడా. గోడ పక్కనే ఒక నల్ల సింథటిక్ చున్నీ వేలాడదీస్తే ఇన్‌ఫ్రారెడ్ సంగతీ తేలిపోతుంది. వీఎన్‌డీ అయితే మీ దగ్గరున్న అన్నింటికంటే వైడ్ లెన్స్‌కు తగిలించి, మబ్బులేని ఆకాశం వైపు పెట్టి మెల్లగా తిప్పండి. ఎక్స్ మరక మొదలైన చోట రింగు మీద మార్కర్‌తో గీత పెట్టుకుంటే షూటింగ్‌లో దాన్ని దాటకుండా తిప్పొచ్చు.